డ్రమ్‌హెల్లర్‌లో విమలగారి నాటకం

నాటకాలు చూసే అలవాటు నాకు ఒకే ఒక్క రచయిత వల్ల అబ్బింది. గత శతాబ్దం నడిమి కాలపు అమెరికన్ ఆయన. కాల్గరీకి వచ్చిన మొదటి చలికాలంలో లైబ్రరీలో ఆయన నాటకాల సంపుటి కనబడితే, తెచ్చుకుని అన్నీ చదివేశాను. రాజులుండరు, యుద్ధరంగాలుండవు. ఒక వంటగదో పెరడో, అందులో ఒక కుటుంబం, అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని ఒక మాట. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఆయన నాటకం ఎక్కడ ఆడినా వెళ్తున్నాను. అందుకే మా పక్కింటి విమలగారు "డ్రమ్‌హెల్లర్‌లో మా వాళ్ళు వేస్తున్నారు స్వాతీ, నాది తల్లి వేషం" అని చెప్పగానే శనివారం మధ్యాహ్నం ఆటకి ఇరవై డాలర్లు పెట్టి టికెట్ తీసుకున్నాను.

విమలగారిది నరసాపురం. డ్రమ్‌హెల్లర్‌లో ఫార్మసిస్టు కావడంతో వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటారు, సెలవు రోజుల్లో ఇంటికి వస్తారు. సాయంత్రాలు తోచక అక్కడి నాటక బృందంలో చేరారు. ఈ వేసవిలో ఆమెకు కాల్గరీ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. నాటకం అయ్యాక చేరతానని ఆమె వాయిదా వేయించుకున్నారు. అది భర్త రత్నంగారి మనసుకు గుచ్చుకుంది. నాటకానికి రానని ఆమెతో చెప్పేశారు కూడా. నాకు కారు లేదు. అక్కడిదాకా దింపమని అడిగితే కాదనలేక బయలుదేరారు.

పదింటికి కదిలాం. ట్రాన్స్‌కెనడా హైవే మీద తూర్పుకు వెళ్ళి తొమ్మిదో నంబరు హైవే ఎక్కితే ఇక దారి వెతుక్కునే పని లేదు. మొత్తం గంటన్నర ప్రయాణం. జూలై కదా, రెండు వైపులా ఆవచేలలా పూసిన కనోలా చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. బల్లపరుపుగా సాగిన నేల ఊరు దగ్గరపడగానే ఉన్నట్టుండి లోయలోకి దిగిపోతుంది. అక్కడ చారలు తేలిన మట్టికొండలు మొదలవుతాయి.

"రెండేళ్ళు ఎదురుచూశామండి ఈ ట్రాన్స్‌ఫర్ కోసం," అన్నారు రత్నంగారు. "తీరా వచ్చాక, నాటకం ఉంది, ఆగమంది."

"ఆగొద్దని మీరు చెప్పలేదా?"

"నన్ను అడిగితేగా చెప్పడానికి."

నేను కొండలు చూస్తూ కూర్చున్నాను.

ఊళ్ళో ఒక చిన్న హోటల్లో సూపు, శాండ్‌విచ్ తిన్నాం. మనిషికి పదిహేను డాలర్లయింది. వడ్డించినావిడ మేం నాటకానికి వచ్చామని తెలిసి ఆగింది. "నిన్న చూశాం. తల్లి వేషం వేసింది మా ఫార్మసీ ఆవిడే. మా ఆయన ఏడ్చేశాడు," అంది ఇంగ్లీషులో. రత్నంగారు స్పూను కింద పెట్టారు. హాలు దగ్గర నన్ను దింపి తనూ దిగి టికెట్ కొన్నారు.

హాల్లో వంద కుర్చీలు కూడా లేవు. నాలుగో వరుసలో కూర్చున్నాం. కథ ఒక ఇంటి పెరట్లో జరుగుతుంది. ఏళ్ళ తరబడి తప్పు దాచిన భర్త, తెలిసీ అడగని భార్య. చివరికి అడగడానికే నిశ్చయించుకుని ఆమె అతన్ని బయటికి పిలవాలి. పిలిచారు విమలగారు. భర్త వేషం వేసిన గ్లెన్ రాలేదు. మళ్ళీ పిలిచారు. స్టేజి మీద అలికిడి లేదు. ఆ కంగారులో ఆమె నోట తెలుగు వచ్చేసింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"ఆఁ, వస్తున్నా," అంటూ నా పక్కన రత్నంగారు సగం లేచారు.

ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగారు, ఎవరో నవ్వారు. ఆయన సిగ్గుతో కూలబడ్డారు. విమలగారు మా వైపు ఒక్క క్షణం చూశారు. ఆయన వచ్చారని ఆమెకు తెలిసింది అప్పుడే. ఇంతలో గ్లెన్ పరుగున వచ్చాడు. ఆ తర్వాత ఆమె అడిగిన తీరు ఏమని చెప్పను. గొంతు పెంచలేదు. హాల్లో దగ్గు కూడా వినిపించలేదు.

ఆట అయ్యాక వెనక గదిలో కాఫీ ఇచ్చారు. గ్లెన్ వచ్చి రత్నంగారి చేయి పట్టుకుని, "అయితే పిలిచింది మిమ్మల్నన్నమాట," అని నవ్వాడు. విమలగారు మేకప్‌తోనే వచ్చారు.

"రానన్నారుగా?"

"స్వాతిగారికి కారు లేదని," అన్నారాయన. తర్వాత కప్పులోకి చూస్తూ, "ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నా విమలా. ఆ మాట చెప్పడం చేతకాలేదు," అన్నారు.

"వచ్చే నెల వచ్చేస్తానండి. ఇక వేషాలు వెయ్యనని వీళ్ళకి చెప్పేశాను."

ఆయన కప్పులోంచి తలెత్తారు. "మానేయమని నేననలేదే. రిహార్సల్స్‌కి ఇక్కడిదాకా నేను డ్రైవ్ చేస్తాలే."

"వారానికి రెండు రోజులు ఉంటాయండి."

"ఉండనీ."

ఆమె ఆయన చేతిలో కప్పు అందుకుని మిగిలిన కాఫీ తాగేశారు.

ఈ రచయిత నాటకాల్లో మాట బయటపడేసరికి ఇల్లు కూలిపోయి ఉంటుంది. చదివినప్పుడల్లా ముందే చెప్పుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించేది. అలా చెప్పుకున్న ఇద్దరిని ఆ రోజు కళ్ళారా చూశాను. తిరుగు ప్రయాణంలో ముందు సీటు విమలగారికిచ్చి వెనక కూర్చున్నాను, వాళ్ళ మాటలు వింటూ నిద్రపోయాను.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక మాట. నాటకం ముందే చదువుకుని వెళ్ళండి. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది, లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో ఇద్దరుంటే చెరో పాత్రా తీసుకుని పైకి చదవండి.