మా మావయ్యగారు ఒప్పుకోలేదు

మా మావయ్యగారు పోయారు. ఆగస్టు మొదట్లో, ఇక్కడ కెనడాలో, కిచెనర్‌లో, హాస్పిటల్లో, తెల్లారకముందే. ఈ కబురు మీకు ఇంత ఆలస్యంగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఇన్నాళ్ళూ నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అది కాస్త తగ్గాక కూర్చుని పద్ధతిగా రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికల్లా ఇక్కడి మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. "శాంతమూర్తి." "మృదుభాషి." "ఎవరినీ పల్లెత్తు మాట అనని మహామనిషి." ఎవరండీ ఈయన? నిజంగా అడుగుతున్నాను, ఎవరు? పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఒకే ఇంట్లో ఉన్నది ఈయనతో కాదే! నాకు తెలిసిన మావయ్యగారు పప్పులో చింతపండు ఎంత వెయ్యాలనే దగ్గర్నుంచి కారులో హీటర్ ఎప్పుడు ఆపాలనే దాకా ప్రతిదానికీ వాదించేవారు. పోస్టు తెచ్చే అతన్ని కూడా గుమ్మంలో నిలబెట్టి వాదించేవారు. పాపం అతను బ్యాగు దించేసి మరీ వాదించేవాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి చెబుతాను. అత్తయ్యగారు అప్పటికే లేరు. వంట ఆయనదే. మొదటి రోజు వంకాయ కూర వడ్డించి "ఎలా ఉందమ్మా?" అన్నారు. కొత్త కోడల్ని, ఏమంటాను? "చాలా బావుందండీ" అన్నాను. గరిటె పక్కన పెట్టేసి నా ఎదురుగా కూర్చున్నారు. "అబద్ధం. ఉప్పు ఎక్కువైంది. నాకే తెలుస్తోంది, నీకు తెలీదా? ఈ ఇంట్లో మొహమాటానికి చోటు లేదు. మళ్ళీ చెప్పు" అన్నారు. "ఉప్పు ఎక్కువైందండీ" అన్నాను. "అంత ఎక్కువేం కాలేదు!" అంటూ వెంటనే వాదనకి దిగారు. అదీ మా మావయ్యగారంటే.

ఇంకొకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ మీటింగ్‌లో నేను చేసిన డిజైన్ అంతా ఇంకొకతను తను చేసినట్టే చెప్పేసుకున్నాడు. నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చి సింకు దగ్గర గిన్నెలు ఎత్తెత్తి వేస్తుంటే ఆయనొచ్చి ఏంటని అడిగారు. చెప్పాను. "పోనీలెండి, ఏదో ఒప్పేసుకున్నాను" అన్నాను. "ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరమ్మా. నువ్వు ఊరుకున్నావు. వాళ్ళు ఒప్పుకున్నావనుకున్నారు. రేపు పొద్దున్నే వెళ్ళి ఆ తేడా చెప్పిరా" అన్నారు. వెళ్ళాను. ఆ తేడా చెప్పాను. ఈ దేశంలో నేను నాలుగు మాటలు నిలబడి మాట్లాడగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. అందుకే, ఆయన తరఫున ఇవాళ నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

ఇక అసలు గొడవలోకి వస్తాను. గొడవంతా ఫుట్‌బాల్ గురించి. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట అనుకోకండి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు, మిగతావాళ్ళు మీదపడి కూలేస్తారు. మావయ్యగారు మాకు గంట దూరంలో ఉన్న యూనివర్సిటీకి ఎం.ఎస్. చదవడానికి వచ్చారు. వచ్చిన నెలలోనే మ్యాచ్ ఉందంటే బయల్దేరారు. ఆయనకి తెలిసిన ఆట క్రికెట్. మ్యాచ్ అంటే పొద్దుపోయేదాకా ఉంటుందనుకుని టిఫిన్ క్యారియర్ నిండా పులిహోర, పెరుగన్నం కట్టుకుని, గొడుగేసుకుని వెళ్ళారట. మూడు గంటల్లో ఆట అయిపోయింది. ఇంకా సెకండ్ ఇన్నింగ్స్ ఉంటుందని ఈయన అలాగే కూర్చున్నారు! జనం వెళ్ళిపోయారు, స్టేడియం ఖాళీ అయింది. స్నానాలు చేసి బయటికొస్తున్న ఆటగాళ్ళు ఈయన్ని చూసి, సంగతి తెలిసి, విరగబడి నవ్వి, పక్కన కూర్చుని ఆ పులిహోర గిన్నె ఖాళీ చేసి వెళ్ళారట. ఆ తర్వాత ప్రతి సీజన్ మొదటి మ్యాచ్‌కీ ఆయన పులిహోర కట్టుకునే వెళ్ళారు.

ఆ ఏడాది టీమే మావయ్యగారి దృష్టిలో ఆ యూనివర్సిటీ చరిత్ర మొత్తంలో గొప్ప టీమ్. పులిహోర తిన్నందుకు అని మీరు అనుకుంటారని తెలుసు, ఆయనకీ తెలుసు. "తిండికీ దీనికీ సంబంధం లేదు" అని ముందే అనేసేవారు. సంబంధం ఆ ఏడాది సెమీఫైనల్‌తో. చివరి నిమిషంలో ఆ టీమ్ కుర్రాడొకడు గాల్లోకి దూకి బంతి అందుకుని గీత అవతల పడ్డాడు. రెఫరీ రెండు చేతులూ పైకెత్తి పాయింట్లు ఇచ్చేశాడు. గెలిచినట్టే, జనం కేరింతలు. ఆ కుర్రాడు లేచి, నేరుగా రెఫరీ దగ్గరికెళ్ళి, "నేను పట్టుకోలేదండీ, బంతి నేలకి తగిలింది" అన్నాడు. నేలకి తగిలిన బంతి చెల్లదు. పాయింట్లు పోయాయి, మ్యాచ్ పోయింది, ఫైనల్ పోయింది. టీమ్‌లో ఒక్కడు కూడా వాణ్ణి ఒక్క మాట అనలేదట. భుజం మీద చేతులేసి లోపలికి తీసుకెళ్ళారట. "అదిరా టీమ్ అంటే" అనేవారు మావయ్యగారు, ప్రతిసారీ బల్ల మీద చరిచి.

ఆ మాటకి ఒంటికాలి మీద లేచే మనిషి డాక్టర్ అంకుల్. పళ్ళ డాక్టరు, వరంగల్ ఆయన. అదే యూనివర్సిటీలో చదివి, తర్వాత మా వీధి చివరే స్థిరపడ్డారు. ఆయన చదివిన రోజుల్లో టీమ్ దేశం మొత్తం మీద గెలిచి కప్పు తెచ్చింది. ఆయన లెక్కలో అదే గొప్ప టీమ్, ఇంక మాట్లాడేదేం లేదు. ఆదివారం ఆదివారం మా బేస్‌మెంట్‌లో మిరపకాయ బజ్జీల మధ్య ఇద్దరూ కొట్టుకునేవారు.

"కప్పు కనబడ్తలేదారా నీకు? మీవోడు నోరు మూసుకుంటే ఫైనల్‌కి పోదురు. రెఫరీ చూడలే, ఎవ్వరు చూడలే!"

"వాడికి తెలుసు కదరా!"

"తెలిస్తే? ఆటల రెఫరీ ఉన్నది దేనికి? నీ టీమ్ గొప్ప టీమ్ కాదు, పిచ్చోళ్ళ టీమ్!"

ఇలా నలభై ఏళ్ళు. మా ఆయన పుట్టకముందు మొదలైంది, ఆయనకి బట్టతల వచ్చినా తేలలేదు. ఒక్కోసారి బజ్జీ తినకుండానే లేచి వెళ్ళిపోయేవారు అంకుల్. మళ్ళీ ఆదివారానికి ఆయనే ముందొచ్చి బెల్లు కొట్టేవారు.

ఇప్పుడు హాస్పిటల్ సంగతి జాగ్రత్తగా వినండి, నేను అక్కడే ఉన్నాను. ఆఖరి రోజు సాయంత్రం అంకుల్ వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. మావయ్యగారి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. అంకుల్ ఆయన చెయ్యి పట్టుకుని నవ్వుతూ, "ఇప్పటికన్నా ఒప్పుకోరాదురా. కప్పు టీమే గొప్పదని ఒక్క మాట అను" అన్నారు. మావయ్యగారు కళ్ళు తెరిచారు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. "రేపు రారా, చెప్తా" అన్నారు.

అంతే. ఆయన గొంతులో ఆ 'చెప్తా' ఎలాంటిదో నాకు తెలుసు. వంటింట్లో నా మీద ఎన్నిసార్లు వాడారని! 'నీ సంగతి చెప్తా, ఉండు' అనే చెప్తా అది. తెల్లారకముందే వెళ్ళిపోయారు.

సంతాప సభ కమ్యూనిటీ సెంటర్ హాల్లో పెట్టారు. అందరూ మైకు పట్టుకుని ఆ శాంతమూర్తి ఎవరో ఆయన్ని తెగ పొగిడారు. చివర్లో డాక్టర్ అంకుల్ లేచారు. కళ్ళ నిండా నీళ్ళు. "ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకున్నడు. 'నువ్వే గెలిచినవురా, నీ టీమే గొప్పది' అన్నడు. అంత పెద్ద మనసు వాడిది" అన్నారు.

హాలంతా ముక్కులు తుడుచుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టారు. "పెద్దాయన, ఏదో బాధలో అన్నాడు. ఇప్పుడు లేచి గొడవ చేస్తావా?" అన్నారు. ఊరుకున్నాను. ఊరుకున్నాను అంతే.

అక్కడితో అయిపోయినా మింగేసేదాన్నేమో. ఈ వేసవిలోనే యూనివర్సిటీవాళ్ళు తమ పాత విద్యార్థులందర్నీ ఓటు వెయ్యమన్నారు, చరిత్రలో అన్నిటికన్నా గొప్ప టీమ్ ఏదని. ఫలితం సీజన్ మొదటి మ్యాచ్ రోజు స్టేడియంలో చెబుతారట. సభ అయిన మర్నాడు అక్కడ చదువుకున్న మనవాళ్ళ గ్రూపులో మెసేజ్ వచ్చింది, మావయ్యగారి ఫోన్‌లో చూశాను. "ఆయన ఆఖరి మాట ప్రకారం అందరం కప్పు టీమ్‌కే ఓటేద్దాం. అదే ఆయనకి నిజమైన నివాళి." కింద వరసగా దండాల బొమ్మలు! జీవితమంతా ఆయన ఏ మాటని కాదన్నారో ఆ మాటనే ఆయన నోట్లో కుక్కి, దానికి దండం పెడుతున్నారు. మీరే చెప్పండి, మనిషి పోయాడు కదాని ఇంత అన్యాయమా?

అంకుల్‌కి ఫోన్ చేశాను. "ఆ సాయంత్రం నేనూ గదిలోనే ఉన్నాను అంకుల్. మర్చిపోయారా?" అన్నాను. "ఇప్పుడు ఏం ఫరక్ పడ్తది బిడ్డా? వాడు లేడు కదా" అన్నారు.

"లేరు కాబట్టే అంకుల్! ఉంటే ఆయనే చూసుకునేవారు. నా అవసరం ఏముంది?"

ఫోన్ పెట్టేశారు. ఆ వారం బెల్లు మోగలేదు. ఆ పై వారమూ మోగలేదు.

సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్‌కి నేను వెళ్ళాను. ఫుట్‌బాల్ అంటే నాకు ఇప్పటికీ ఓనమాలు రావు. కానీ ఆయన క్యారియర్ షెల్ఫులో ఉంది, పులిహోర కలిపాను, తీసుకెళ్ళాను. మనవాళ్ళంతా ఎప్పుడూ కూర్చునే వరసల్లోనే ఉన్నారు. డాక్టర్ అంకుల్ ఆ చివర, నాకు దూరంగా. మనిషి సగమైపోయారు.

ఆట మొదలవకముందే మైకులో ఫలితం చెప్పారు. కప్పు టీమే. మన ఓట్లు లేకపోయినా అదే గెలిచేదేమో, అది వేరే సంగతి. అందరూ లేచి అంకుల్ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. "కంగ్రాట్స్ డాక్టర్ గారూ!" అంటున్నారు. ఆయన కూడా మెల్లగా లేచారు. చేతులు ఊపుతారనుకున్నాను. ఊపలేదు. చప్పట్లు ఆగేదాకా నిలబడ్డారు. చప్పట్లు ఆగాక అన్నారు:

"నేను పట్టుకోలేదు. బంతి నేలకి తగిలింది."

ఆ వరసల్లో ఆ కథ వినని వాళ్ళు లేరు. మావయ్యగారు అందరికీ చెప్పే పోయారు. అంకుల్ మళ్ళీ అన్నారు. "వాడు ఒప్పుకోలే. నన్ను రేపు రమ్మన్నడు. గొడవ అట్ల సగంల వదిలేసి పోతే నేనేం చెయ్యాలె? ఎవరితోని పెట్టుకోవాలె? అందుకని నేనే ముగించిన. తప్పే చేసిన."

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పక్కనున్నాయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టబోయారు. అంకుల్ కూర్చోలేదు. మోకాళ్ళ నొప్పులతో అంత వరసా దాటుకుంటూ నా దగ్గరికొచ్చారు. ఇన్ని రోజులు దాచుకున్న కోపమంతా ఒక్కసారి అనేద్దామని చూశాను. ఆ మొహం చూశాక నాకు ఏడుపొచ్చింది. మావయ్యగారు పోయాక సరిగ్గా ఏడ్చింది అప్పుడే.

ఆయన నా పక్కన కూలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, వేలెత్తి చూపించారు. "కానీ బిడ్డా, అంతమాత్రాన వాడి టీమ్ గొప్పదంటే మాత్రం నేను ఒప్పుకోను! కప్పు కప్పే!" ఆ కేకకి ముందు వరసలో తెల్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

క్యారియర్ విప్పి, పులిహోర గిన్నె ఆయన చేతిలో పెట్టాను.

"ముందు తినండి అంకుల్. హాఫ్‌టైమ్‌లో చెప్తా" అన్నాను.

ఆట మొదలైంది. సన్నగా తుంపర పడుతోంది. నేను మావయ్యగారి గొడుగు ఇద్దరి మీదకీ వచ్చేలా పట్టుకున్నాను. ఆయన గిన్నె రెండు చేతులతో పట్టుకుని మైదానం వైపే చూస్తున్నారు. తినడం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, నాకు ఇవ్వబోయే జవాబు అప్పుడే మొదలుపెట్టేసుకున్నారు.