ఏర్పేడులో ఆగి, తడకు చేరిన మా పాత లారీ

చిత్తూరు నుంచి తడ దాకా మా మామిడికాయలు మేమే తోలుకుపోవాలన్నది మా అక్క సుగుణ పంతం. మండీ వ్యాపారి మా తోతాపురి కాయలకు అన్యాయమైన ధర చెప్పి, "ఆ డొక్కు లారీ పాకాల కూడా దాటదు, ఈడనే దించేయండి" అని నవ్వాడు. అక్క బేరమాడలేదు. తడ దగ్గరున్న జ్యూస్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. మర్నాడు సాయంత్రం ఆరులోపు వస్తే కాయలు తీసుకుంటామన్నారు. మా లారీ పదేళ్ళుగా తోలేది అక్కే. చెల్లెల్ని, నేను పక్క సీట్లో ఎక్కాను.

ఉదయం ఏడింటికి బయలుదేరి పాకాల, చంద్రగిరి దాటి, తిరుపతి ఊళ్ళోకి పోకుండా రేణిగుంట దారి పట్టాం. పెద్ద బండితో వెళ్ళేవాళ్ళకు అదే సుఖం. ఏర్పేడు చేరుతుండగా ఇంజను దగ్గర కీచుమని అరుపు, స్టీరింగు ముందు మీటర్ల దగ్గర ఎర్ర లైటు. అక్క బండి పక్కకు తీసి మూత ఎత్తింది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు బిగించిన పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, అంచు విరిగి ఉంది. బెల్టు పీలికలైంది. మా బండిలో నీళ్ళ పంపు తిరిగేదీ ఆ బెల్టుతోనే. అట్లాగే పోతే ఇంజను కాలిపోతుంది.

ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డు ఉంది. మేస్త్రీ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఈ మాడల్ పుల్లీ ఇప్పుడు దొరకదమ్మా. ఆల్టర్నేటరు మొత్తం మార్చల్ల. రేపు సాయంత్రం అవతాది. మగోళ్ళు ఎవురన్నా ఉంటే పిలిపించండి, మాట్లాడతా."

"మాట్లాడేదానికి నేనుండాను గదప్పా," అంది అక్క. "బండి నాది, కాయలు మావి. రేపటికి కాయలు మెత్తబడతాయి. నీ పానాలు ఇస్తావా, ఇయ్యవా? అది చెప్పు."

అతను పానాలు తెచ్చి కింద పెట్టాడు. అక్క నట్టు విప్పి, విరిగిన పుల్లీ లాగి నా సంచిలో వేసింది. నేను తిరుపతి బస్సెక్కాను. ముప్పావుగంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. పాత సామాన్ల అంగళ్ళలో మొదటి రెండింటివాళ్ళు సంచిలోకి చూడకుండానే లేదన్నారు. మూడో అంగట్లో పెద్దాయన ఇనుప సామాన్ల గుట్టనంతా కదిలించి ఒకటి తీశాడు. "పాతదే గానీ గాడి అరగలేదు. పక్కన పెట్టి సూసుకోమ్మా." బెల్టు కూర్చునే గాడి, మధ్య రంధ్రం రెండూ సరిపోయాయి. కొత్త బెల్టు కూడా కొని వెనక్కి పరిగెత్తాను.

రెండు దాటాక అక్క పుల్లీ ఎక్కించి బిగించింది. బెల్టు వేస్తే వంకరగా నిలిచింది. నేను తెచ్చిన పుల్లీ కాస్త లోపలికి కూర్చుంది.

"చెప్పినా గదమ్మా," అన్నాడు మేస్త్రీ.

"నువ్వు చెప్పింది దొరకదని. దొరికింది గదా. వంకర నేను తీస్తా."

అక్క అంతా మళ్ళీ విప్పింది. పుల్లీ వెనక ఒక వాషర్ పడితే చాలంది. మేస్త్రీ కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన డబ్బాలో వెతికి మందపాటి వాషర్ ఒకటి తెచ్చి, "ఇది ఏసి సూడు" అన్నాడు. అక్క దాన్ని వేసి పుల్లీ బిగించింది, వరస సరిచూసేందుకు నేను చక్రాల అంచుల వెంబడి దారం లాగి పట్టుకున్నాను. చక్రాలన్నీ ఒకే గీతలో నిలిచాయి. బెల్టు బిగించి స్టార్ట్ చేయగానే ఎర్ర లైటు ఆరింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం చేతులు తుడుచుకుని, "ఎక్కు, టైమయింది" అంది.

శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడ చేరేసరికి వాచ్‌మన్ గేటు మూస్తున్నాడు. అక్క లారీ ముక్కు గేటుకు ఆనించి హారన్ కొట్టింది. "ఆరు కాలేదన్నా, తీయి."

అతను లారీని పైనుంచి కిందికి చూశాడు. "ఇది చిత్తూరు నుంచి వచ్చిందా?"

"వచ్చింది. మళ్ళా పోతాది కూడా."

గేటు తెరుచుకుంది.

ఆ రోజు మాకు కాదు, లేదు అని చెప్పినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. మా బండిని చూసి, మమ్మల్ని చూసి, ఇది కాని పనని ముందే తేల్చేసుకున్నారు. రెండో అంగడి మెట్లు దిగేటప్పుడు నేనూ సగం అట్లాగే అనుకున్నాను. అక్క అనుకోలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఇంకో ఇద్దరు రైతులు మాతో కాయలు పంపుతామంటున్నారు.

పాత బండితో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: పుల్లీ కొనేటప్పుడు గాడి, రంధ్రమే కాదు, వెనక మందం కూడా పాతదానితో పోల్చి చూసుకోండి. కొత్త బెల్టు కాస్త సాగుతుంది, కాబట్టి కొంత దూరం పోయాక ఇంజను ఆపి బిగువు మళ్ళీ సరిచూడండి.