కోడలి వరస

జనగామ బస్సులో నా ముందు సీటు పెద్దాయన మూత్రానికని రెండోసారి బస్సు ఆపించాడు. "గిట్లయితే ఆటో మాట్లాడుకోవాలె తాతా" అని కండక్టర్ అంటే అందరూ నవ్వారు. "నీకు రాదా ముసలితనం?" అని నేను అతని నోరు మూయించాను.

పెద్దాయన రోడ్డు పక్కన చాలాసేపు నిలబడి, మూత్రం రాకుండానే తిరిగొచ్చాడు. కూర్చుని నావైపు వంగాడు.

"ముసలితనం కాదు బిడ్డా, ప్రోస్టేట్ క్యాన్సర్. బొక్కలకు ఎక్కిందని పెద్ద దవాఖానల చెప్పిన్రు."

"ముందుగాల చూపిచ్చుకుంటే నయమయ్యేది కద బాపూ! మీ ఊళ్లె దవాఖాన లేదా?"

"ఉన్నది. డాక్టరమ్మ నాకు కోడలి వరస, మామా అని పిలుస్తది. ఒంటేలు సరిగ్గ వస్తలేదని ఆమెకెట్ల చెప్పాలె? రెండేండ్లు మోకాళ్ల నొప్పులని చెప్పి గోలీలు తెచ్చుకున్న."

"సిగ్గుకు పానం ఇస్తరా ఎవలన్న? ఇప్పుడన్న చెప్పు ఆమెకు!"

"చెప్తే, నేను కనిపెట్టలేకపోతినని ఆ పిల్ల ఏడుస్తది. పోయేటోణ్ని, గా ఏడుపు పెట్టి పోవుడెందుకు?"

అతను బచ్చన్నపేటలో మెల్లగా దిగిపోయాడు.

బస్సు ఊరు దాటాక జవాబు తట్టింది. ఆమె ఏడిస్తేనే కదా, రేపు మోకాళ్ల నొప్పులని వచ్చే ఇంకో మామను మూత్రం సంగతి తనే అడిగేది.