కళ్లం ముందరి నేలబావి

ఆర్గిరోను ఊళ్ళో నేలబావి మనిషి అనేవాళ్ళు. క్రీటు దీవిలో కొండవాలున ఉన్న ఆ ఊరికి వాననీరే ఆధారం. కళ్లం ముందర, బాట కిందనే, తాతలనాడు పైకప్పుగా రాతికమాను కట్టిన నేలబావిలో ఆ నీరు నిలిచేది. సన్నగా ఉందని ఎనిమిదేళ్ళప్పుడు ఆమె నడుముకు తాడు కట్టి, ఒండ్రు తియ్యడానికి లోపలికి దించారు. మొగుణ్ణి పోగొట్టుకుని, నలభై దాటినా ఆ పని ఆమెదే. కమానులో ఏ రాయి వదులైందో ఆమె వేళ్ళకు తెలుసు. బరువెత్తిన కంచరగాడిదను ఎవరూ ఆ పైనుంచి తోలరు. పక్కన మట్టిదారిన చుట్టూ తిప్పుతారు.

1941 మే నెలాఖరు. బార్లీ కోతలు అప్పుడే అయ్యాయి. ఆకాశం నుంచి గొడుగులతో దిగిన జర్మన్లతో పోరాడి, తొడలో గుండు దిగిన తమ్ముడు మనూసోస్‌ను ఆర్గిరో తెల్లవారకముందే కళ్లంలో పనలకుప్ప కింద దాచింది.

"అక్కా, ముక్కులోకి ఊక పోతోందే."

"తుమ్మావో, జర్మనోడికంటే ముందు నేనే చంపుతా."

జల్లెడ పట్టుకున్న అత్త ఎర్గీనా గొణిగింది: "వేటతుపాకీ పట్టుకుని ఊరంతా ఊరేగాడుగా. ఇప్పుడు చూడు, కోడిపెట్టలా గడ్డిలో!"

ఆ మాట పూర్తికాకుండానే నేల అదిరింది.

జర్మన్లు ఓడలో తెచ్చి దింపిన ట్యాంకుల గురించి వాళ్ళు విన్నారు గాని, చూడలేదు. ఒకటి మలుపు తిరిగి వచ్చింది. వెనక మోటారుసైకిళ్ళ మీద ఇద్దరు. కింద వంతెన కూలితే ఇటు ఎక్కారు కాబోలు. ఇక్కడితో బాట ఆఖరు. ట్యాంకు పైమూత తెరిచి, ఎండకు ముక్కు కమిలిన కుర్ర అధికారి కళ్లం కేసి చూపి, వేలు గుండ్రంగా తిప్పాడు. ట్యాంకు అక్కడ తిప్పుకుంటాం, తప్పుకోండి అని.

మట్టిదారి గాడిదకే సరిపోతుంది; ట్యాంకుకు కమాను మీదుగా తప్ప కళ్లంలోకి దారి లేదు. కూలితే ట్యాంకు మునుగుతుంది, వెనకున్న ఇద్దరూ ఊరికి నిప్పు పెడతారు. కూలకపోతే పనలకుప్ప దాని చక్రాల కింద.

ట్యాంకు ముందుభాగం కమాను అంచు ఎక్కింది. కిందనుంచి ఇసుక రాలిన చప్పుడు ఆర్గిరో ఒక్కదానికే వినిపించింది.

"ఏయ్, ఆగు!"

పరుగెత్తి నేలబావి మూత లాగేసింది. మోటారుసైకిలువాడు తుపాకీ ఎత్తాడు. ఆమె రాయి ఒకటి తీసి లోపలికి వదిలింది. క్షణం ఆగి, లోతునుంచి నీటి చప్పుడు. బావి అంత పొడుగునా ఉందని, చేతిని ట్యాంకు కింద నుంచి తన కాళ్ళ దాకా జాపి చూపింది. మట్టిదారిన పడిన డెక్కల గుర్తులూ, బాట మీద అవి లేకపోవడమూ చూపింది. అధికారి దిగి, వంగి బావిలోకి చూశాడు. మడమతో బాటను తన్నాడు. మళ్ళీ ఇసుక రాలింది.

అతని ముఖంలో రంగు పోయింది. ఏదో అరిచాడు. ట్యాంకు బెత్తెడు బెత్తెడుగా వెనక్కి జరిగి, అలాగే మలుపు దాటి, మోటారుసైకిళ్ళతో సహా వెళ్ళిపోయింది.

ఎర్గీనా కూలబడి శిలువ గీసుకుంది. మనూసోస్ పనల్లోంచి పాక్కుంటూ వచ్చాడు. చెంపలమీద ఊక, కళ్ళల్లో నీళ్ళు.

"ఎందుకాపావు? ఆ ఇనప పంది ఇక్కడే మునిగేది!"

"మునక్కపోతే? నువ్వు?"

"నేను చస్తే ఒక్కణ్ణి. రేపది ఎంతమంది మీదికి పోతుందో తెలుసా నీకు?"

"తెలీదు," అంది ఆర్గిరో.

"తెలిసుంటే?"

ఆమె వంగి భుజం అందించింది. అతను పట్టుకోలేదు. తూర్పారబట్టే పంగలకర్ర ఊతగా తీసుకుని, కుంటుతూ కొండకేసి నడిచాడు. ఆర్గిరో ఎండురొట్టెల మూట తీసుకుని, నాలుగడుగుల వెనక బయలుదేరింది.