ఒలుచుకొని తినేది

ఈ ఉదయం మా వీధి మురికికాలువలో పూడిక తీసి గట్టున పోశారు. ఎనిమిదేళ్ల వయసులో ఇదే కంపు బళ్లారి బ్రూస్‌పేటలో, నా స్నేహితురాలు రూతు ఇంట్లో పీల్చాను.

ఆ ఏడు వానకు కాలువ పొంగి వాళ్లింట్లోకి వచ్చింది. క్రిస్మస్ లోపల ఇల్లు బాగుచేసుకోవాలని వాళ్లు కష్టపడుతుంటే నేనూ వెళ్లి రేకుడబ్బాతో బురద ఎత్తాను. అందులో వెంట్రుకలతోపాటు ఉబ్బిన ఎలుక కూడా వచ్చింది. గోడలకు సున్నం కొట్టినా కంపు పోలేదు.

మధ్యాహ్నం రూతు వాళ్లమ్మ పళ్లెంలో బొరుగుల ఉగ్గాని పెట్టింది. "పొద్దుట్నుంచి బురదెత్తుతాండావు, తిను పాపా."

ఆ బొరుగుల్లోనూ నాకు ఎలుకే కనిపించింది. "నాకొద్దత్తా" అని పళ్లెం తోసేశాను.

ఆమె నా ముఖంలోని అసహ్యం చూసింది. ఎదురంగడాయనను పిలిచి, అరటిపండు నేరుగా నా చేతికే ఇప్పించింది.

"ఒలుచుకొని తినేదే గదా. మేమెవరమూ ముట్టలేదులే."

కంపు సంగతి కనిపెట్టింది, ఎంత మంచిదో అనుకుంటూ గబగబా తినేశాను. రూతు తలెత్తలేదు.

వాళ్లు కిరస్తానీలన్న కారణంతో మా ఇళ్లలో ఎవరూ వాళ్ల చేతి నీళ్లు కూడా తాగరని పెద్దయ్యాకే తెలిసింది. పూడిక కంపు ముక్కు మూసుకుంటే పోతుంది. ఆ అరటిపండు తీపి మాత్రం ఇప్పటికీ ఎంత పుక్కిలించినా పోదు.