జనగామ బ్యాండులో ఇటలీ పాట

సోమవారం పొద్దున్నే జనగామలో రైలెక్కితే, మహబూబాబాద్‌లో దిగి దవాఖానకు నడిచేసరికి డ్యూటీ టైము సరిగ్గా సరిపోయేది. నేనక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. అమ్మగారిల్లు జనగామలో, ఉద్యోగం మహబూబాబాద్‌లో, పెళ్లయ్యాక కాపురం భూపాలపల్లిలో. మా ఆయన అక్కడ భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్. వారమంతా దవాఖాన దగ్గర అద్దె గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం భూపాలపల్లి బస్సో జనగామ రైలో ఎక్కేదాన్ని. ప్రయాణాలు అన్ని ఉండేవి కాబట్టి చెవుల్లో ఏదో ఒకటి మోగుతూ ఉండాల్సిందే.

ఆ సోమవారం వేణువు కచేరీ పెట్టుకున్నాను. నెక్కొండ దాటేసరికి అది అయిపోయి, ఫోన్ దానంతటదే ఇంకోటి మొదలుపెట్టింది. అదీ వేణువే. కానీ నిమిషం గడిచిందో లేదో దాని వెనక చర్చి ఆర్గన్ లేచింది, డ్రమ్ములు మీద పడ్డాయి, తెలియని భాషలో ఒకతను గొంతు చించుకుని పాడాడు. అంతలోనే అన్నీ ఆగిపోయి మళ్లీ వేణువొక్కటే మిగిలింది. ఆపేద్దామని వేలు తెర మీద పెట్టాను. కేసముద్రం వచ్చింది, వెళ్లిపోయింది. నా వేలు మాత్రం అక్కడే ఉంది. పాట పావుగంట సాగింది, ఒక్కసారి కూడా పల్లవికి తిరిగి రాలేదు. అలాంటి పాట ఒకటుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడి మొదటి నుంచి మళ్లీ పెట్టాను. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లాను.

మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ పాట సంగతేంటో వెతికాను. డెబ్బైల మొదట్లో ఇటలీలో పట్నాల నుంచి చిన్న ఊళ్ల దాకా కుర్రాళ్లు గుంపులు కట్టారట. రాక్ సంగీతంలోకి చర్చిలో విన్న ఆర్గన్‌ని, వేణువుని, తమ దేశపు సంగీత నాటకాల గొంతుని తెచ్చి కలిపారు. ప్రోగ్రెసివ్ రాక్ అనే పెద్ద ఏటికి అదొక చిన్న పాయ. అందులో పేరున్న బృందాలు కొన్నే. వాటిని దాటి లోపలికి వెళితే ఒకే ఒక్క ఆల్బమ్ చేసి చెదిరిపోయినవాళ్లు లెక్కలేనంత మంది. ఆ తర్వాత వాళ్లు బడిపంతుళ్లయ్యారు, దుకాణాలు పెట్టుకున్నారు. రికార్డు మాత్రం ఎవరి అటక మీదో ఉండిపోయి, యాభై ఏళ్లకు ఎవరో ప్రేమగా తుడిచి ఇంటర్నెట్‌లో పెడితే నా దాకా వచ్చింది.

నన్ను పట్టుకున్నది వాళ్లే. మందుల కంపెనీ వాళ్లు పంచిన డైరీ ఒకటి ఖాళీగా ఉంటే అందులో రాయడం మొదలుపెట్టాను. విన్న ప్రతి ఆల్బమ్‌కీ ఒక పేజీ. అట్ట మీద బొమ్మేంటో, ఏ వాయిద్యాలున్నాయో, నాకేమనిపించిందో రాసుకునేదాన్ని. ఒక పేజీలో "వేణువు అద్భుతం, పాడేవాడికి జలుబు" అని ఉంటుంది. ఇంకో పేజీలో "మూడో పాట మధ్యలో కుక్క మొరిగింది, తీసెయ్యకుండా ఉంచారు" అని. మెలొట్రాన్ అనే కీబోర్డు వాయిద్యం గురించి తెలిసిన రోజు పెద్ద సంబరం. దాని మెట్ల కింద టేపు ముక్కలుంటాయి. మెట్టు నొక్కితే ఎప్పుడో ఎవరో వాయించిన వయొలిన్ ఆ టేపు మీద నుంచి కాస్త వణుకుతూ పలుకుతుంది. ఆ వణుకు కోసం రెండు నెలలు పిచ్చిదానిలా తిరిగాను, ఉన్నచోటు నుంచి కదలకుండానే.

ఈ సంతోషం పంచుకోవడానికి మనిషి లేడు. ఆదివారాలు భూపాలపల్లి క్వార్టర్‌లో వంట చేస్తూ చిన్న స్పీకర్లో పెట్టేదాన్ని. మా ఆయన మర్యాదగానే వినేవాడు.

"గీళ్లు ఒక్క పాట వట్టుకొని ఒక్క తొవ్వల పోరా?" అన్నాడొకసారి.

"తొవ్వ దప్పుడే గీ పాట" అన్నాను.

"అట్లనా" అని, రెండో పాట సగంలోనే కుర్చీలో నిద్రపోయాడు. మొదటి షిఫ్టు చేసి అలసిన మనిషి, ఏమంటాం. కొంచెం నొచ్చుకున్న మాట మాత్రం నిజం.

ఒక గురువారం సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"ఒకటి పంపిన. నీ డైరీల ఉన్నదా సూడు."

చూశాను. నలుపు తెలుపు అట్ట. దాని మీద గని కార్మికుడి టోపీ, దానికి దీపం, అంతే. బృందం పేరు నేనెప్పుడూ వినలేదు. నాకు తెలిసిన ఏ జాబితాలోనూ లేదు. ఆ రికార్డు పాత సామాన్ల సంతలో దొరికిందని, వాయించినవాళ్లది ఏదో గనుల ఊరని మాత్రం దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టినతను కింద రాశాడు. అప్పటికి దాన్ని విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

"గిది నీకెట్ల దొరికింది?"

"నువ్వు పెట్టేటియి రోజూ ఇంటున్న గదా, షిఫ్టు అయినంక. గవన్నీ అయినంక గిదొచ్చింది. టోపీ సూసి ఒత్తిన."

రోజూ వింటున్నానన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. వినడం మొదలుపెట్టి నెల దాటిందట. ముందే చెబితే పరీక్ష పెడతానని భయపడ్డాడట.

నేను వచ్చేదాకా ఇద్దరం వినొద్దని ఒప్పందం చేసుకున్నాం. శనివారం బస్సు రేగొండ దాటుతుంటే, పెళ్లైన కొత్తలో కూడా ఇంత తొందర పడలేదు కదా అనుకుని నవ్వుకున్నాను. ఇల్లు చేరగానే పప్పు పొయ్యి మీద పడేసి, వరండాలో రెండు కుర్చీలు వేసి స్పీకర్ మధ్యలో పెట్టాం.

పాట మొదట్లో సన్నగా ఒక కూత లేచి చాలాసేపు సాగింది. ఏదో కీబోర్డు అనుకున్నాను నేను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"గిది సైరన్. షిఫ్టు సైరన్."

తర్వాత డ్రమ్ము మొదలైంది. ఎంత ప్రయత్నించినా నాకు లెక్క అందలేదు. నాలుగుతో లెక్కపెడితే జారిపోయేది, మూడుతో లెక్కపెడితే మిగిలిపోయేది. ఆయన మాత్రం లోపలికి వెళ్లి స్టీలు పళ్లెం తెచ్చి వేళ్లతో వాయించడం మొదలుపెట్టాడు. టక టక టక, టక టక, టక టక. ఒక్కసారి కూడా తప్పలేదు.

"నీకెట్ల తెలిసింది?"

"గిండ్ల తెలిసేదేమున్నది. బొగ్గు మోసే బెల్టు గిది. బెల్టుకు అతుకులుంటయి గదా, గవి రోలర్ల మీదికెల్లి పోయేటప్పుడు మా దగ్గర గిట్లనే కొట్టుకుంటయి. గీ డ్రమ్ము కొట్టినాయన ఎన్నడో ఒకనాడు గనిలకు దిగిండు, సూస్కో."

నెలల తరబడి డైరీ నింపిన నాకు అందనిది ఆయనకు పళ్లెం మీద దొరికింది. ఫోన్లో ఉన్న అనువాద యాప్‌తో పాట మాటలు కూడా విప్పాం. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో షిఫ్టు దిగి పైకి వచ్చినవాళ్లున్నారు, కళ్లలో గుచ్చుకునే ఎండ ఉంది, ఆదివారం కోసం ఉతికి ఆరేసిన చొక్కా ఉంది. చివర్లో డ్రమ్ము అదే ఏడు దెబ్బల మీద ఉండగానే వేణువు ఒక ఎగిరే బాణీ అందుకుంటుంది. అక్కడ ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాలుగుసార్లు విన్నాం. పప్పు మాడింది, పచ్చడితో తిన్నాం.

ఆ ఎండాకాలంలో తమ్ముడి పెళ్లి కుదిరింది. బ్యాండు మాట్లాడటానికి అమ్మతో కలిసి జనగామలో క్లారినెట్ మాస్టరు గారి దుకాణానికి వెళ్లాను. మా నాయిన పెళ్లికి వాయించింది ఆయన తండ్రేనట. అమ్మ తేదీ, టైము మాట్లాడటం అయ్యాక నేను నోరు విప్పాను.

"సాబ్, ఒక పాట ఉన్నది. సిన్మా పాట కాదు."

"దేవుని పాటనా?"

"కాదు. ఇటలీ పాట."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ గోడ వైపు చూసింది.

"పెట్టు బేటీ, ఇందాం."

కళ్లద్దాలు తీసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కుడిచేతి వేళ్లు బల్ల మీద కదులుతున్నాయి. అయిపోయాక "జర మళ్లా పెట్టు" అన్నాడు. రెండోసారి సగంలోనే తల ఊపాడు.

"ఇది రూపక్ తాళం. ఏడు మాత్రలు. గజల్లు గిండ్ల మస్తుగ పాడుతరు. ఇటలీ వాళ్లకు రూపక్ ఎవరు నేర్పిన్రు?"

"గనిల బెల్టు నేర్పింది సాబ్" అని మా ఆయన సిద్ధాంతం చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"ఊరేగింపుల రూపక్ ఎవరు వాయించరు బేటీ."

"కష్టమైతే వద్దు సాబ్."

"కష్టం మాకు గాదు. ఎగిరెటోళ్లకు."

పెట్టె తెరిచి క్లారినెట్ తీశాడు. వేణువు బాణీలో మొదటి వరస వాయించాడు. ఒక స్వరాన్ని రికార్డులో లేనట్టుగా మెల్లగా కిందికి జార్చాడు. యాభై ఏళ్ల కింద అది వాయించిన మనిషి ఎక్కడున్నాడో గాని, ఆ జారుడు వింటే బాగుండునని నా కళ్లు తడిశాయి. అమ్మ మాత్రం "మంచిగనే ఉన్నది, కాని కాలు ఎట్ల ఏసుడు?" అంది.

పెళ్లి రోజు పొద్దున తమ్ముడిని ఇంటి నుంచి ఫంక్షన్ హాలుకు ఊరేగింపుగా తీసుకెళ్లాం. నాలుగు పాటలు అయ్యాయి, జనం మంచి ఊపు మీద ఉన్నారు. మాస్టరు గారు నా వైపు చూసి క్లారినెట్ పైకెత్తారు. డ్రమ్ములు మొదలయ్యాయి. అమ్మ అన్నదే జరిగింది. మేనమామ కాలు గాల్లో ఉండగానే దెబ్బ అయిపోయింది. చిన్నమ్మలు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఎగిరేవాళ్లంతా ఒక్కొక్కరే ఆగి మొహాలు చూసుకున్నారు. నేను చేసింది తప్పేనేమో అనుకుంటున్నాను.

అప్పుడు మా ఆయన ముందుకు నడిచాడు. ఇంటి అల్లుడు, ఇస్త్రీ చొక్కా, పెళ్లిళ్లలో ఎప్పుడూ మూలకు కూర్చునే మనిషి. కుడికాలు మూడుసార్లు తొక్కి, ఎడమకు రెండు, మళ్లీ కుడికి రెండు వేశాడు. తల ఎత్తకుండా, డ్యూటీ చేస్తున్నంత శ్రద్ధగా. మేనమామ పక్కన చేరాడు. "మూడు, రెండు, రెండు" అని ఎవరో పైకి లెక్కపెట్టారు. కొద్దిసేపట్లోనే రోడ్డు నిండా కాళ్లు ఒకే తీరుగా పడుతున్నాయి. మా అమ్మ చీర కొంగు నడుముకు చుట్టి మధ్యలోకి వచ్చింది. పాట అయిపోతే ఊరుకోలేదు, మళ్లీ వాయించమన్నారు. ఫంక్షన్ హాలు చేరేసరికి అది మూడోసారి. ముహూర్తం దాటిపోతుందని పంతులు గారు గేటు దాకా వచ్చి పిలిచారు.

ఆ తర్వాత శ్రావణ మాసంలో స్నేహితురాలి గృహప్రవేశానికి పాలకుర్తి వెళ్లాను. ఆటో ఊళ్లోకి తిరుగుతుంటే ఒక పెళ్లి ఊరేగింపు ఎదురొచ్చింది. మాస్టరు గారి బ్యాండు కాదు, వేరే వాళ్లు. వాయిస్తున్నది మాత్రం అదే పాట. ఆ జారుడుతో సహా. ఆటో ఆపించి దిగాను. పాట అయ్యాక క్లారినెట్ వాయించినతను చాయ్ తాగుతుంటే దగ్గరికి వెళ్లి అడిగాను.

"గీ పాట యాడిదన్నా?"

"గిదా అక్కా, జనగామ పాట. మస్తు పాతది. మా ఉస్తాదుల కాలం నుంచి వాయిస్తున్నం."

చెబుదామని నోరు తెరిచాను. ఎందుకో చెప్పాలనిపించలేదు. "ఇంకొక్కసారి వాయిస్తరా?" అని మాత్రం అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి డ్రమ్ముల వైపు సైగ చేశాడు. నేను మా ఆయనకు ఫోన్ కలిపాను. అప్పుడే మొదటి షిఫ్టు దిగి పైకి వచ్చాడు. ఏమీ చెప్పకుండా ఫోన్ బ్యాండు వైపు పట్టుకున్నాను. అవతల షిఫ్టు దిగినవాళ్ల మాటలు, నవ్వులు. తర్వాత పక్కనున్నవాళ్లతో ఆయన అంటున్న మాట సన్నగా వినిపించింది.

"ఆగున్రి జర. ఇనున్రి."