కాంటా గదిలో రెండు ప్రోగ్రాములు

గోవింద్‌పూర్ దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో, లారీలు తూచే కాంటా గదిలో నేను రాసిన ప్రోగ్రాము నడిచేది. అది బరువు చదివి, అదే కంప్యూటర్లో ఉన్న ఇంకో ప్రోగ్రాముకు పంపుతుంది. ఆ రెండోది చీటీ అచ్చు వేస్తుంది. బారిడీహ్‌లో అద్దె గది, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఫ్యాక్టరీ, మళ్ళీ గది. ఆ హిందీ ఊళ్ళో రెండేళ్ళలో నాతో తెలుగు మాట్లాడింది కాంటా దగ్గర కూర్చునే పెద్దాయన ఒక్కడే. ఆయనది తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. "తిన్నావేటి పాపా?" అనేవాడు. ఆ మాట కోసం, పని లేని రోజు కూడా ఆ గదికి వెళ్ళేదాన్ని.

ఆ చలికాలం కొత్త ప్రింటర్ పెట్టాక, పొద్దున్నే వచ్చే మొదటి లారీకి చీటీ రావడం మానేసింది. మీట సరిగ్గా నొక్కడం లేదని సూపర్‌వైజర్ ఆయన మీద అందరి ముందూ కేకలేశాడు. నేను పక్కనే ఉన్నాను. నా ప్రోగ్రాములో తప్పుంటుందని తోచలేదు. ఏమీ మాట్లాడలేదు.

"నానేటీ సెయ్యలేదు పాపా. నొక్కినాను. నువ్వే సూడు," అన్నాడాయన తర్వాత.

చూస్తానన్నాను. వారం దాకా చూడలేదు. ఈలోగా ఆయన్ని గేటుకు మార్చేశారు.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళి, రోజూ రాత్రి ఆపి పొద్దున వేసినట్టే కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. నా ప్రోగ్రాము ముందే లేచి బరువు పంపేస్తోంది. కొత్త ప్రింటర్ వచ్చాక నెమ్మదించిన అచ్చు ప్రోగ్రాము ఇంకా తెరుచుకోనేలేదు. అవతలిది సిద్ధంగా ఉందా అని నేను అడిగితే కదా! నా ప్రోగ్రాములో కొన్ని వరుసలు చేర్చాను. ముందు పలకరించాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే పంపాలి. పదిసార్లు ఆపి వేశాను. పదిసార్లూ చీటీ వచ్చింది. వచ్చిందని చెప్పడానికి గదిలో ఎవరూ లేరు.

సోమవారం సూపర్‌వైజర్‌తో తప్పు నాదని చెప్పాను. "ఠీక్ హై," అన్నాడు. పెద్దాయన్ని వెనక్కి తెమ్మంటే, అక్కడ కొత్త మనిషి కుదిరిపోయాడన్నాడు.

గేటు దగ్గరికి వెళ్ళి ఆయనకూ చెప్పాను. లారీ నంబరు రాసుకుంటూ విన్నాడు.

"ఆడు నన్ను అన్ని మాటలు అంతంటే నువ్వక్కడే ఉన్నావు గదా."

"ఉన్నాను."

"అదీ పాపా నా బాధ. మిసినీ సంగతి నాకేటి తెలుత్తాది?"

లారీ హారన్ కొట్టింది. ఆయన లేచి గొలుసు దించాడు. లారీ లోపలికి వెళ్ళాక నేను వచ్చేశాను.

వేసవికి ఆయన పని మానేశాడు. ఏ రోజున మానేశాడో నాకు తెలియదు.